ఖరీదైన వాచీ టైము తప్పుతోందా? రిపేరుకు ఇచ్చే ముందు తెలుసుకోవాల్సినవి

లక్షలు పోసి కొన్న వాచీ వారం తిరిగేసరికి ఫోన్ టైముకంటే అర నిమిషం ముందుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. నకిలీదా? పాడైందా? చాలాసార్లు రెండూ కావు. సెల్లు లేకుండా స్ప్రింగు బలంతో నడిచే మెకానికల్ వాచీకి రోజుకు కొన్ని సెకన్ల తేడా సహజం. ఎంత తేడా మామూలో, ఎప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్లాలో తెలిస్తే అనవసరపు ఖర్చు తప్పుతుంది.

లోపల ఏం జరుగుతుంది?

కీ తిప్పినప్పుడు, ఆటోమేటిక్ వాచీలో అయితే చేయి కదిలినప్పుడు, మెయిన్ స్ప్రింగు చుట్టుకుంటుంది. ఆ బలం ఒక్కసారిగా బయటికి పోకుండా కొలిచి వదిలేది బ్యాలెన్స్ వీల్. వెంట్రుకలా సన్నగా ఉండే హెయిర్ స్ప్రింగు దాన్ని అటూ ఇటూ ఊపుతుంది. నేటి ఖరీదైన వాచీల్లో చాలావాటికి ఈ లయ గంటకు 28,800, అంటే సెకనుకు 8. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 5 సెకన్ల తేడా అంటే లక్షలో ఆరు వంతులే. సెల్లుతో నడిచే క్వార్ట్జ్ వాచీలో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. అందుకే టైము విషయంలో చవకైన సెల్లు వాచీ కూడా దీన్ని ఓడిస్తుంది.

ఎంత తేడా మామూలు?

స్విట్జర్లాండ్‌లోని సీవోఎస్‌సీ సంస్థ మెషీన్లను 15 రోజులపాటు 5 భంగిమల్లో, 8, 23, 38 డిగ్రీల వేడిలో పరీక్షిస్తుంది. సగటున రోజుకు 4 సెకన్ల వెనుక నుంచి 6 సెకన్ల ముందు వరకు ఉంటేనే క్రోనోమీటర్ అనే ధ్రువపత్రం దక్కుతుంది. రోలెక్స్ తన వాచీలకు అటూ ఇటూ 2 సెకన్లని, ఒమెగా తన మాస్టర్ క్రోనోమీటర్లకు 0 నుంచి 5 సెకన్లు ముందని హద్దు పెట్టుకున్నాయి. అదే తక్కువ ధర వాచీల్లో కనిపించే సీకో ఎన్‌హెచ్35 మెషీన్‌కు 20 సెకన్ల వెనుక నుంచి 40 సెకన్ల ముందు వరకు ఒప్పుకుంటారు. కాబట్టి 15 సెకన్ల తేడా ఒక వాచీలో లోపం, మరోదానిలో మామూలు.

చేతికి పెట్టుకున్నాక

పరీక్ష గదిలో ఉన్నట్టు వాచీ చేతి మీద ఉండదు. రాత్రి డయల్ పైకి పెట్టి పడుకోబెడితే ఒకలా, పక్కకు నిలబెడితే ఇంకోలా నడుస్తుంది. రెండు రోజులు తీసి పక్కన పెడితే స్ప్రింగు బలం తగ్గుతుంది, ఆగిపోవచ్చు కూడా. ఫోన్ స్పీకరు, టాబ్లెట్ కవరు, హ్యాండ్‌బ్యాగు బటన్లలోని అయస్కాంతాలు హెయిర్ స్ప్రింగు చుట్లను ఒకదానికొకటి అతుక్కునేలా చేయగలవు. అప్పుడు వాచీ రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడుతుంది.

ఇంట్లోనే లెక్క చూడొచ్చు

ఆటోమేటిక్ టైము పెట్టిన ఫోన్‌తో వాచీని ఒకసారి కలపాలి. తర్వాత రోజూ ఒకే వేళకు తేడాను కాగితం మీద రాసుకోవాలి. పది రోజులపాటు మధ్యలో ముల్లు సరిచేయకూడదు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. రోజూ కచ్చితంగా 8 సెకన్లు ముందుకుపోయే వాచీ ఆరోగ్యంగా ఉన్నట్టే, దాన్ని దిద్దడం తేలిక. ఒకరోజు 12 ముందు, మరుసటి రోజు 10 వెనుక అంటూ ఊగే వాచీకి సగటు చిన్నదే అయినా లోపల ఇబ్బంది ఉండొచ్చు. చూడాల్సింది తేడా ఎంతని మాత్రమే కాదు, రోజూ ఒకేలా ఉందా అని.

మెకానిక్ చేసే పని

టైమ్‌గ్రాఫర్ అనే యంత్రం మైకు ద్వారా వాచీ చప్పుడు విని రోజుకు ఎంత తేడా వస్తుందో, బ్యాలెన్స్ వీల్ ఎంత దూరం ఊగుతోందో చూపిస్తుంది. పూర్తిగా కీ ఇచ్చి పడుకోబెట్టినప్పుడు ఆ ఊపు సాధారణంగా 270 నుంచి 310 డిగ్రీలు ఉండాలి. ఊపు బాగుంటే చిన్న మీటను ప్లస్ వైపో మైనస్ వైపో వెంట్రుకవాసి జరిపితే చాలు. రోలెక్స్ వంటి వాటిలో ఆ మీట ఉండదు. చక్రం మీది చిన్న నట్లను ప్రత్యేక పనిముట్టుతో తిప్పాలి. ఊపే బాగా తగ్గిపోతే మీట జరిపి లాభం లేదు. నూనె ఎండిపోయి ఉంటుంది, విప్పి శుభ్రం చేయాలి. మీట మాత్రమే జరిపి పంపే చోట ఆ లోపం అలాగే ఉండిపోతుంది, పళ్ల చక్రాలు అరుగుతాయి.

ఎప్పుడు ఇవ్వాలి?

వాచీ ఉన్నట్టుండి నిమిషాల్లో ముందుకు పోతుంటే ముందు అయస్కాంతం తీయించాలి. అది క్షణాల పని. మెల్లగా వెనకపడుతూ రాత్రికి రాత్రి ఆగిపోతుంటే సర్వీసు చేయించాలి. అద్దం లోపల తేమ కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. వారంటీ ఉన్నంతకాలం కంపెనీ సర్వీసు సెంటరులో తప్ప మూత తెరిపించకూడదు.

తండ్రి ఇచ్చివెళ్లిన హెచ్‌ఎంటీ జనతా అయినా లెక్క ఇదే. రోజూ ఒకే వేళకు కీ ఇచ్చి, పది రోజులు రాసుకున్న కాగితం చూపిస్తే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది.