జస్టిసు పార్టీ పతనము: రైతుల యసంతృప్తి, ద్వంద్వ ప్రభుత్వము

1937వ సంవత్సరపు తొలిభాగమున మద్రాసు రాజధాని శాసనసభకు జరిగిన యెన్నికలలో 215 స్థానములకుగాను 159 స్థానములను కాంగ్రెసు గెలుచుకొనెను. 1920 మొదలు ఆనాటి వరకు అధికకాలము మంత్రిపదవులను నిర్వహించిన జస్టిసు పార్టీకి ఇరువదికి అటునిటుగా మాత్రమే స్థానములు దక్కినవి. ముఖ్యమంత్రిగా నుండిన బొబ్బిలి రాజా రావు శ్వేతాచలపతి రామకృష్ణ రంగారావుగారు తమ బొబ్బిలిలోనే వి. వి. గిరిగారి చేతిలో ఓడిపోయిరి. తరతరములుగా ఏ వంశమునకు శిస్తు చెల్లించుచు వచ్చిరో, ఆ వంశపు రాజునకే వోటు నిరాకరింపవచ్చునని గ్రామీణులు తెలిసికొన్న దినమది.

ఈ పరాజయమునకు సాధారణముగా రెండు కారణములు చెప్పబడుచున్నవి. జాతీయోద్యమ ప్రభంజనమునకు ఎదురు నిలువలేక ఆ పార్టీ కూలిపోయెననునది మొదటిది. అది జమీందారుల పార్టీ యగుటచే రైతులు దానిని త్రోసిపుచ్చిరనునది రెండవది. రెండింటను సత్యము కలదు. కాని రెండును అసంపూర్ణములే. జాతీయోద్యమ మొక్కటియే కారణమైనచో, రైతువారీ గ్రామములలోని కోపము శిస్తు చుట్టును, జమీందారీ గ్రామములలోని కోపము బంజరు, అడవి, చెరువుల చుట్టును ఏల తిరిగెనో తెలియదు. జమీందారీయే కారణమైనచో, జమీందారు లెవ్వరును లేని కృష్ణా గోదావరీ డెల్టా గ్రామములు ఏల విముఖములయ్యెనో తెలియదు. అంతకంటె చిక్కైన ప్రశ్న మరియొకటి కలదు. ఆ కాలపు రాజ్యాంగము ననుసరించి భూమిశిస్తు మంత్రుల యధీనమున లేదు. తమ చేతిలో లేనిదానికి వారేల నిందపడిరి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

మొదట ఆ పార్టీకి న్యాయము చేయవలెను. 1916లో పిట్టి త్యాగరాయ సెట్టిగారు, డాక్టరు టి. ఎం. నాయరుగారు, డాక్టరు సి. నటేశ ముదలియారుగారు మున్నగువారు దక్షిణ భారత ఉదార సంఘమును స్థాపించినప్పుడు దానికి మూలము ఒక ఫిర్యాదే. ప్రభుత్వోద్యోగములలోను విద్యాలయములలోను బ్రాహ్మణేతరులకు తగిన స్థానము లేదని వారు అంకెలతో నిరూపించిరి. వారి యాంగ్ల పత్రిక పేరు 'జస్టిస్'. ఆ పేరే పార్టీకి నిలిచిపోయెను. తెలుగున 'ఆంధ్రప్రకాశిక' వారి వాణిని వినిపించెను. 1921 నుండి 1926 వరకు ముఖ్యమంత్రిగా నుండిన పానగల్ రాజా రామారాయణింగారి కాలమున ఉద్యోగ నియామకములలో అన్ని వర్గములకు భాగము కల్పించు ఉత్తరువులు వెలువడెను. దేవాలయముల ఆస్తులపై ప్రభుత్వ పర్యవేక్షణకు చట్టము రూపొందెను. విద్యామంత్రి ఎ. పి. పాత్రోగారి కృషివలన 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టము జనించెను. విశ్వవిద్యాలయములలో తెలుగు బోధించుచున్న మనము ఆ ఋణమును మరువరాదు. ఈ పనులను స్వార్థపరుల పనులని త్రోసివేయు చరిత్ర పక్షపాత చరిత్రయే యగును.

అయినను ఈ పనులన్నియు ఎట్టి శాఖలకు చెందినవో గమనింపవలెను. 1919 నాటి చట్టము ప్రభుత్వమును రెండు భాగములు చేసెను. విద్య, వైద్యము, స్థానిక పరిపాలనము, వ్యవసాయము, ఆబ్కారీ, ధర్మాదాయములు మంత్రులకు బదిలీ చేయబడెను. భూమిశిస్తు, ఆర్థికశాఖ, పోలీసు మున్నగునవి గవర్నరు కార్యనిర్వాహక సభ చేతిలో నిలుపబడెను. అనగా, పాఠశాల తెరచు అధికారము మంత్రిది. ఆ పాఠశాలకు పోవు పిల్లవాని తండ్రివద్ద శిస్తు వసూలు చేయు అధికారము మరియొకరిది. రైతునకు ఈ భేదము కాగితముపై మాత్రమే కానవచ్చును. అతని యింటికి వచ్చు కరణము, మునసబు, తహశీల్దారు ఒక్క ప్రభుత్వమునకు చెందినవారే. ఆ ప్రభుత్వమున ముఖ్యమంత్రి యని పేరు పెట్టుకొన్నవారు ఒకరు కలరు. నింద ఆ పేరును వెదకికొని పోవుట సహజము.

1920ల చివరి భాగమున ఈ నింద తీవ్రమయ్యెను. రైతువారీ పద్ధతిలో ముప్పది సంవత్సరముల కొకసారి శిస్తును తిరిగి నిర్ణయించు ఆచారము కలదు. ఆ గడువు వచ్చుటతో కృష్ణా, తూర్పు పశ్చిమ గోదావరి జిల్లాలలో శిస్తును నూటికి పదునెనిమిదింబావు అరయు, అనగా రూపాయికి మూడణాల చొప్పున, పెంచుటకు ప్రభుత్వము సంకల్పించెను. సరిగా ఆ సమయముననే ప్రపంచ ఆర్థికమాంద్యము విరుచుకుపడెను. 1929 తరువాత నాలుగైదేండ్లలో ధాన్యపు ధర సుమారు సగమునకు దిగెను. శిస్తు ధాన్యరూపమున గాక రూపాయలలో చెల్లింపవలసినది. పూర్వము పది బస్తాలమ్మి శిస్తు కట్టిన రైతు, ధర సగమైనప్పుడు అదే శిస్తుకు ఇరువది బస్తాలమ్మవలెను. దానిపై రూపాయికి మూడణాలు చేరినచో ఇరువదిమూడు బస్తాల ముప్పాతిక యమ్మవలెను. శిస్తు పట్టిక మీద నూటికి పందొమ్మిది లోపుగా కనిపించిన భారము గాదెవద్దకు వచ్చుసరికి రెండింతలు దాటెను. పునర్నిర్ణయ వ్యతిరేకోద్యమము డెల్టాలో పల్లెపల్లెకు ప్రాకుటకు ఈ లెక్కయే చాలును. ఆచార్య ఎన్. జి. రంగాగారి వంటి నాయకులు సభలలో వివరించినది ప్రధానముగా ఈ లెక్కనే.

జమీందారీ ప్రాంతముల స్థితి వేరు. అచట జమీందారు ప్రభుత్వమునకు చెల్లించు పేష్కషు 1802 నాటి శాశ్వత నిర్ణయముచే స్థిరపడియుండెను. రైతు జమీందారునకు చెల్లించు శిస్తు మాత్రము కాలక్రమమున పెరుగుచు వచ్చెను. 1908 నాటి ఎస్టేటు భూముల చట్టము రైతుకు సాగుహక్కు నిచ్చినను, బంజరులలో పశువుల మేత, అడవిలో వంటచెరకు, చెరువుల మరమ్మతు, బాకీలకు జప్తులు అను విషయములలో తగవులు తెగలేదు. నెల్లూరు జిల్లాలోని వేంకటగిరి రైతుల యుద్యమము ఇట్టి తగవులనుండియే పుట్టెను. 1928లో నెల్లూరున వెలసిన వారపత్రికకు 'జమీన్ రైతు' అను పేరు పెట్టబడుటయే ఆనాటి సమస్య యెక్కడ నుండెనో చెప్పకయే చెప్పుచున్నది.

ఈ రెండు విధముల రైతులును ఒక్క పార్టీకి విముఖులగుటకు ఆ పార్టీ లోపలి పరిణామములు కారణమయ్యెను. 1930 ఎన్నికలలో కాంగ్రెసు పాల్గొనకపోవుటచే జస్టిసు పార్టీ తిరిగి అధికారమునకు వచ్చెను. జమీందారు కాని బి. మునుస్వామి నాయుడుగారు ముఖ్యమంత్రి యైరి. మంత్రివర్గమున తమకు చోటు దొరకలేదని జమీందారులు అలిగిరి. 1932లో సహమంత్రుల రాజీనామాతో నాయుడుగారి ప్రభుత్వము కూలి, నవంబరులో బొబ్బిలి రాజావారు ముఖ్యమంత్రి యైరి. ధాన్యపు ధర అడుగంటుచున్న సంవత్సరమది. పల్లెలో రైతు గాదె ఖాళీ చేసికొని శిస్తు కట్టుచుండగా, పట్టణమున మంత్రులు కుర్చీలకై తగవులాడుచుండిరను భావము ప్రజలలో నాటుకొనుటకు ఇంతకంటె అనుకూలమైన దృశ్యము లేదు.

జీతముల విషయము ఈ భావమును గట్టిపరచెను. మద్రాసు మంత్రి నెలజీతము నాలుగువేల మూడువందల రూపాయలకు పైబడియుండెను. మధ్యపరగణాలలో మంత్రికి ముట్టుచుండినది రెండువేల రెండువందల యేబది రూపాయలు. మాంద్యకాలమున ఈ తారతమ్యమును 'హిందూ' మాత్రమే గాక, ఆంగ్లేయుల పక్షపు 'మెయిల్', నెల్లూరి 'జమీన్ రైతు' సైతము ఖండించెను. ఇచట పరిశోధక విద్యార్థు లొక విషయము గమనింపవలెను. 'ఆంధ్రపత్రిక', 'కృష్ణాపత్రిక'లు కాంగ్రెసు పక్షమువి గనుక, వాని విమర్శ నొక్కదానినే ప్రజాభిప్రాయముగా గ్రహింపరాదు. కాని పరస్పర విరుద్ధములైన పత్రికలు ఒక్క విషయమున ఏకకంఠముతో పలికినప్పుడు, దానికి వెనుక పత్రికా కార్యాలయములకు వెలుపలి యభిప్రాయ ముండునని యూహించుట దోషము కాదు.

స్థానిక పరిపాలనము పూర్తిగా మంత్రుల చేతిలోని శాఖ. అచట 1934లో తాలూకా బోర్డులు రద్దయ్యెను. వ్యయము తగ్గించుటకని సమర్థించుకొన్నను, గ్రామపు పెద్దకు అధికారముతో పరిచయము కల్పించిన మెట్టు అదియే. రోడ్డు, బావి, బడి కొరకు అతడు ఎక్కి దిగిన గుమ్మమది. పార్టీకి పల్లెలలో నిలిచిన ఆధారము బోర్డు సభ్యులే యనుట యతిశయోక్తి కాదు. ఆ యాధారమును మంత్రివర్గము తన చేతులతోనే బలహీనపరచుకొనెను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. తమ చేతిలో లేని శిస్తుకు మంత్రులేల నిందపడిరి? 'అది మా శాఖ కాదు' అను సమాధానము చట్టరీత్యా నిజమే. కాని ఆ సమాధానము చెప్పుటకు మంత్రులకు నైతికముగా వీలు లేకపోయెను. అందులకు రెండు హేతువులు కానవచ్చుచున్నవి. మొదటిది: పార్టీ నాయకులు ప్రభుత్వపు రెండు భాగములలోను కూర్చుండిరి. పార్టీ ప్రముఖులైన కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు పూర్వము మంత్రిగా నుండి, 1934 నుండి గవర్నరు కార్యనిర్వాహక సభలో సభ్యులైరి. గోడకు ఇరుప్రక్కల కూర్చుండినవారు గోడను చూపి తప్పించుకొనజాలరు. రెండవది ఇంకను ముఖ్యము: మంత్రులకు శిస్తు తగ్గించు అధికారము లేకున్నను, రాజీనామా చేయు అధికార ముండెను. 1932లో ఆ యాయుధమును వారు వాడిరి. కాని వాడినది స్వపక్ష ముఖ్యమంత్రిపై. రైతుల శిస్తు కొరకు ఒక్క మంత్రివర్గమును ఆ యాయుధమును చేపట్టలేదు. పార్టీ సభ్యులలో కొందరు సభలో రైతుల పక్షమున మాటలాడియుండవచ్చును. పదవిలో కొనసాగుటకు శిస్తు తగ్గింపు నియమమని మాత్రము పార్టీ యెన్నడును ప్రకటింపలేదు. అధికారము లేకపోవుటను జనులు క్షమింతురు. నోరుండియు మూగవోవుటను క్షమింపరు. ఫిర్యాదుగా పుట్టిన పార్టీ, పదునేడేండ్లలో ఫిర్యాదు వినని పార్టీగా మారుటయే దాని పతనమునకు మూలమని నా యభిప్రాయము.

ఈ కోపము 1937లోనే ఏల బయటపడెననునది తెలియుటకు వోటర్ల పట్టికను చూడవలెను. 1920లో రాజధాని యంతటను వోటర్లు సుమారు పన్నెండున్నర లక్షలు. అందులో వోటు వేసినవారు నాలుగవవంతు మాత్రమే. 1935 నాటి చట్టము అర్హతలను సడలించుటతో 1937 నాటికి వోటర్ల సంఖ్య అరువది లక్షలు దాటెను. కావున 1920లో జస్టిసు పార్టీని గెలిపించిన జనమును, 1937లో ఓడించిన జనమును ఒక్కటే కాదు. చిన్న కమతముల రైతు పెక్కుచోట్ల మొదటిసారి పెట్టెవద్దకు వచ్చినది 1937లోనే. 1934 కేంద్ర శాసనసభ యెన్నికలలో ఎ. రామస్వామి ముదలియారుగారు మద్రాసు నగరమున ఎస్. సత్యమూర్తిగారి చేతిలో ఓడిపోయినప్పుడే పాత వోటర్లును మారుచున్నారను సూచన వెలువడెను. పార్టీ దానిని పాఠముగా గ్రహించినట్లు కనబడదు.

తరువాతి కథ ఈ నిర్ణయమును బలపరచుచున్నది. 1937 జులైలో రాజగోపాలాచారిగారి కాంగ్రెసు మంత్రివర్గ మేర్పడెను. మంత్రులు నెలకు ఐదువందల రూపాయల జీతమునే స్వీకరించిరి. ప్రజలు సంతోషించిరి, కాని ఊరకుండలేదు. 1937-38లో ఇచ్ఛాపురమునుండి మద్రాసువరకు సుమారు 1500 మైళ్లు నడచిన రైతు రక్షణ యాత్ర, తాము గెలిపించిన ప్రభుత్వమునకే తమ కోర్కెలను వినిపించుటకు సాగినది. రెవిన్యూమంత్రి టంగుటూరి ప్రకాశంగారి యధ్యక్షతన విచారణసంఘ మేర్పడి, 1938లో భూమిపై హక్కు రైతుదేయని నివేదించెను. చట్టము వెలువడకముందే 1939 అక్టోబరులో మంత్రివర్గము రాజీనామా యిచ్చెను. జమీందారీల రద్దు చట్టము వచ్చుటకు 1948 వరకు వేచియుండవలసివచ్చెను. జస్టిసు పార్టీ యన్ననో, 1944లో సేలము సభలో ద్రావిడ కళగముగా మారి తమిళదేశమున క్రొత్తజీవితము నారంభించెను. ఆంధ్ర జిల్లాలలో దాని పేరు నిలుపువారు కరవైరి.

కావున 1937 తీర్పును ఒక పార్టీపై ద్వేషముగా గాని, మరియొక పార్టీపై భక్తిగా గాని మాత్రమే చదువుట పొరపాటు. రైతు వోటు వేసినది శిస్తు లెక్కను చేతబట్టుకొని. ఆ లెక్క తీరనంతకాలము అతడు క్రొత్త ప్రభుత్వమువద్దకును నడచివచ్చెను. ఈ యుగమునుగూర్చి పరిశోధింపబోవు విద్యార్థులు శాసనసభా చర్చలతోపాటు పునర్నిర్ణయ నివేదికలను, ఎస్టేటుల దావాలను, ధాన్యపు ధరల పట్టికలను ప్రక్కప్రక్కన నుంచుకొని చదువవలెనని నా మనవి. సభలోని ఉపన్యాసములు నాయకులు తమనుగూర్చి ఏమి తలచిరో చెప్పును. ప్రజలు వారినిగూర్చి ఏమి తలచిరో ఆ బస్తాల లెక్క చెప్పును.