సత్రపు అరుగు, స్టేషను బల్ల

గుడివాడలో బయలుదేరిన పాసింజరు బండి గుడ్లవల్లేరు, కవుతరము, పెడన, చిలకలపూడి దాటి బందరు చేరి ఆగిపోవును. అంతకు మించి పట్టాలు లేవు. సముద్రమును అచ్చటినుండి కానరాదు. మంగినపూడి తీరమునకు ఇంకను పది కిలోమీటర్లకు పైగా పోవలెను. సెలవుదినములలో, పని లేకున్నను, నేనీ స్టేషనునకు పోవుట కలదు. తినుటకొక బందరు లడ్డును, కూర్చుండుటకొక బల్లయును దొరకిన నాకు చాలును. ఇది మిక్కిలి చిన్న సుఖమని చదువరులకు తోచవచ్చును. కాని యీ సుఖము మనకెట్లు లభించినదో విచారించినచో మన సంఘచరిత్రలో ఒక ముఖ్యభాగము బోధపడును.

రైలు రాకపూర్వము బెజవాడకును బందరునకును ముఖ్యమైన మార్గము కాలువ. 1855లో కృష్ణానది ఆనకట్ట పూర్తియైన పిమ్మట బందరు కాలువలో పడవలు నడచినవి. గాలి లేనప్పుడు మనుష్యులు గట్టుమీద నడచుచు త్రాళ్లతో పడవను లాగెడివారు. ఆ ప్రయాణికుని యాహారము ఇంటినుండి కట్టి తెచ్చుకొన్న చద్దిమూట; సంస్కృతమున దీనినే పాథేయమందురు. మూట తరిగిపోయిన సత్రమే శరణ్యము. సత్రములు కట్టించిన దాతలు పుణ్యాత్ములు, సందేహము లేదు. వారు డబ్బు పుచ్చుకొనక అన్నము పెట్టించిరి. కాని పెక్కు సత్రములలో విస్తరి వేయుటకు ముందు “మీరెవరు?” అను ప్రశ్న యుండెను. ఆ ప్రశ్నకు తగిన యుత్తరము చెప్పలేనివాడు ఎంత ఆకలిగొన్నను, ఎండలో నెంత దూరము నడచివచ్చినను, అరుగు ఎక్కుటకు వీలులేదు. ధర్మము ఉచితమే, ద్వారము మాత్రము ఇరుకు.

1908లో బెజవాడనుండి బందరునకు రైలుమార్గము వచ్చెను. టిక్కెట్టు ఇచ్చు గుమాస్తా “ఎంతదూరము?” అని యడిగెనే గాని “ఏ కులము?” అని యడుగలేదు. ఇది అతని యౌదార్యము కాదు. కంపెనీకి కావలసినది రుసుము. అయినను ఆ రుసుము చెల్లించినవారందరును ఒకే పెట్టెలో ఇరుకుకొని కూర్చుండవలసివచ్చెను. ఆ మూడవ తరగతి పెట్టెల మురికిని, ప్రయాణికుల దురవస్థను గాంధీమహాత్ముడు 1917లో ఒక చిన్న పుస్తకముగ ప్రకటించెను. మూడవ తరగతి 1974లో గాని రద్దు కాలేదు.

పెట్టెలో భుజములు తగులుటకు సమ్మతించినవారును తిండి యొద్ద మాత్రము సమ్మతింపలేదు. అంగడిలో వండిన అన్నము పెక్కుమందికి నిషిద్ధము. అయితే నేతిలో వేగిన పదార్థమునకు అంత దోషము లేదని పెద్దలొక వెసులుబాటు కల్పించుకొనిరి. మన స్టేషనులలో చిరుతిండ్లు ప్రబలుటకు ఇదియు నొక కారణమని నా తలంపు. బందరు లడ్డునే చూడుడు. శనగపిండిని పూసగా నేతిలో వేయించి, దంచి, జల్లించి, బెల్లపు పాకములో కలిపి, మరల దంచి, నేయి చేర్చి ఉండ కట్టుదురు. అందుచేతనే దానికి తొక్కుడు లడ్డు అని పేరు. అందులో తడి తక్కువ గనుక చాలదినములు నిలువయుండును. బుట్టలో వేసికొని ఎంతదూరమైనను కొనిపోవచ్చును. దీనికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇంటి పొయ్యిమీద వండనిదేదియు ముట్టని ముత్తవలు సైతము పరుల చేతివంటను మొట్టమొదట రుచి చూచినది ఇట్టి పొడి తిండ్లవలననే యని నేననుకొందును. మడికిని హోటలుకును నడుమ లడ్డు ఒక వంతెన.

కాని వంతెన కట్టినంతమాత్రమున అందరును దాటరు. దేశమున అనేక స్టేషనులలో హిందువులకొక నీళ్లకుండ, ముసల్మానులకొక నీళ్లకుండ యుండెను. చెన్నరాజధాని రైల్వే భోజనశాలలలో బ్రాహ్మణులకును ఇతరులకును వేరువేరు స్థలములుండెను. పెరియారు రామస్వామి మొదలగువారు ఆందోళనము చేయగా 1941లో ఆ భేదము తొలగెను. తుదకు 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 15వ అధికరణమున అంగళ్లు, హోటళ్లు, బావులు, చెరువులు మొదలగువాని యందు కులమతభేదముచేత ఎవరిని అడ్డగింపరాదనియు, 17వ అధికరణమున అస్పృశ్యత రద్దైనదనియు శాసించెను. యంత్రము తెచ్చిన సమత్వము సగము. తక్కిన సగము మనుష్యులు పోరాడి తెచ్చుకొన్నది.

ఇదంతయు పాఠశాలలో పిల్లలకు చెప్పుచుందును. చెప్పిన నేనెట్టివాడనో ఒకనాడు బందరు స్టేషనులోనే తెలిసినది. సాయంకాలపు బండికై బల్లమీద కూర్చుండి యుంటిని. ప్రక్కన నా పుస్తకముల సంచి, దానికావల లడ్డు పొట్లము. ఒక ముసలి పల్లెకారు స్త్రీ ఖాళీ చేపలబుట్టతో వచ్చి, బల్ల వంక ఒకమారు చూచి, నేలమీద చతికిలబడెను. కొంతసేపటికి నాకు తోచి, “అమ్మా, ఇక్కడ కూర్చోండి” అంటిని. ఆమె నవ్వి, “పరవాలేదు బాబూ, బుట్ట తడిగా ఉంది, నీ సంచీ తడిసిపోద్ది” అనెను.

ఏ శాసనమును ఆమెను నేలపై కూర్చుండుమనలేదు. ఆమెను అడ్డగించినది నా సంచి. నేను సంచిని ఒడిలోనికి తీసికొని మరల పిలిచితిని. ఆమె బల్ల చివర కూర్చుండి, బుట్టను కాళ్లయొద్ద పెట్టుకొనెను. లడ్డు ఇచ్చితిని, సగము విరిచి కొంగున ముడివేసికొని, “మనవరాలికి” అనెను.

తిథినియమము లేక వచ్చువాడు అతిథి యని పెద్దలు చెప్పిరి. ఆ లెక్కను స్టేషనులో దిగు ప్రతివాడును అతిథియే. మనలో పెక్కుమంది సత్రము కట్టింపలేము. కాని బల్లమీద సంచి తీయగలము. వేసవిలో గుమ్మము ముందు ఒక నీళ్లకుండ పెట్టి, త్రాగువానిని ఏమియు అడుగక యుండగలము. మన పిల్లలు సమత్వమును పుస్తకమున చదువుటకు ముందే ఆ కుండయొద్ద చూడవలెను.