అద్దె ఇంటిపై పెట్టుబడి

అద్దె ఇంటిపై పెట్టుబడి అనగా స్వంత నివాసం కొరకు గాక, ఇతరులకు అద్దెకిచ్చి ఆదాయం పొందే ఉద్దేశంతో ఇల్లు గాని, ఫ్లాటు గాని కొనుగోలు చేయడం. తెలుగు రాష్ట్రాలలో ఉద్యోగులు, పదవీ విరమణ చేసినవారు, విదేశాలలో స్థిరపడినవారు ఈ మార్గాన్ని ఎక్కువగా ఎంచుకుంటారు. అద్దె నెలనెలా చేతికి అందుతుంది కనుక దీనిని పింఛనుతో పోల్చడం పరిపాటి. అయితే పింఛనుకు మరమ్మతులు ఉండవు, ఖాళీ నెలలూ ఉండవు.

రాబడి లెక్క

అద్దెను పన్నెండుతో హెచ్చవేసి ఇంటి ధరతో భాగిస్తే వచ్చేది స్థూల రాబడి మాత్రమే. ఉదాహరణకు హైదరాబాదులో 60 లక్షల రూపాయల ఫ్లాటుకు నెలకు 18,000 రూపాయల అద్దె వస్తుందనుకుందాం. సంవత్సరానికి 2,16,000 రూపాయలు, అనగా 3.6 శాతం. కిరాయిదారు మారేటప్పుడు ఒక నెల ఖాళీగా ఉంటే వచ్చేది 1,98,000. ఆస్తిపన్ను 6,000, సున్నాలు, మరమ్మతులు, ఖాళీ నెలలో అపార్టుమెంటు సంఘానికి కట్టే నిర్వహణ రుసుము కలిపి 20,000 తీసివేస్తే మిగిలేది 1,72,000. కొనుగోలు ఖర్చును కూడా పెట్టుబడిలో కలపాలి. తెలంగాణలో స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషను రుసుములను 2021 జులైలో మొత్తం 7.5 శాతానికి పెంచారు. ఆ లెక్కన మరో 4.5 లక్షలు చేరి, నికర రాబడి 2.7 శాతం వద్ద ఆగుతుంది.

ఇదే ఫ్లాటుకు 40 లక్షల బ్యాంకు అప్పు 9 శాతం వడ్డీతో 20 ఏళ్ళకు తీసుకుంటే నెలసరి వాయిదా సుమారు 36,000 రూపాయలు. అద్దె అందులో సగమే. మిగతా సగం యజమాని జీతం నుండి కట్టవలసినదే. "అద్దెతోనే అప్పు తీరుతుంది" అనే మాట ఇటువంటి ఇళ్ళ విషయంలో నిజం కాదు. అసలు లాభం ఆస్తి విలువ పెరుగుదలపై ఆధారపడి ఉంటుంది. అది ఎప్పుడు, ఎంత పెరుగుతుందో ముందుగా చెప్పడం కష్టం.

ఆదాయపు పన్ను

స్థానిక సంస్థకు చెల్లించిన ఆస్తిపన్ను తీసివేసిన తరువాత, మిగిలిన అద్దెలో 30 శాతం మినహాయింపు లభిస్తుంది. వాస్తవంగా మరమ్మతులకు ఎంత ఖర్చయినా ఈ 30 శాతం మారదు. 1961 నాటి చట్టంలోని ఈ నియమాన్ని 2025లో చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలోనూ కొనసాగించారు. అప్పుపై వడ్డీని కూడా తగ్గించుకోవచ్చును. పై ఉదాహరణలో పన్నుకు లెక్కించే అద్దె 1,34,400 కాగా మొదటి సంవత్సరం వడ్డీ సుమారు 3,57,000. అనగా నష్టం 2,22,600. పాత పన్ను విధానంలో ఇందులో 2 లక్షల వరకే జీతం వంటి ఇతర ఆదాయంతో సర్దుబాటు చేయవచ్చును. మిగిలినది ఎనిమిదేళ్ళ వరకు ముందుకు తీసుకుపోవచ్చును. కొత్త విధానంలో ఇతర ఆదాయంతో సర్దుబాటు అసలు లేదు.

ఒప్పందం

పదకొండు నెలలకు కాగితం రాసుకుంటే రిజిస్ట్రేషను అక్కరలేదన్న నమ్మకం మన ప్రాంతంలో బలంగా ఉన్నది. 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషను చట్టం ప్రకారం సంవత్సరం మించిన లీజులకే రిజిస్ట్రేషను తప్పనిసరి కనుక, అనేక ఇతర రాష్ట్రాలలో ఆ మాట సరైనదే. కాని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో ఈ చట్టాన్ని సవరించి, కాలపరిమితితో నిమిత్తం లేకుండా స్థిరాస్తి లీజులన్నిటికీ రిజిస్ట్రేషనును తప్పనిసరి చేసింది. రిజిస్టరు కాని పత్రంలోని షరతులను వివాదం వచ్చినపుడు న్యాయస్థానం సాక్ష్యంగా స్వీకరించదు. అద్దె పెంపు, అడ్వాన్సు తిరిగి ఇవ్వడం, ఖాళీ చేయవలసిన గడువు వంటివి సరిగ్గా అక్కడే అవసరపడతాయి. నోటి మాటపై ఇచ్చిన నెలవారీ అద్దెకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం పదిహేను రోజుల నోటీసు చాలు. నోటీసు ఇచ్చినంత మాత్రాన ఇల్లు చేతికి రాదు. కిరాయిదారు కదలకపోతే దావా వేయాలి. అద్దె ఎగవేసినా సరే, తాళం వేయడం, నీళ్ళు, కరెంటు ఆపడం చట్టసమ్మతం కాదు.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది. ఇది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది.

ప్రవాసుల ఇళ్ళు

యజమాని విదేశంలో నివసించే ప్రవాస భారతీయుడైతే, అద్దె ఎంత తక్కువైనా 30 శాతం, దానిపై సెస్సు కోసుకొని ప్రభుత్వానికి జమచేయవలసిన బాధ్యత కిరాయిదారుది. స్వదేశంలో ఉన్న యజమానికి వ్యక్తులు చెల్లించే అద్దె నెలకు 50,000 దాటితేనే కోత ఉంటుంది; అది 2024 అక్టోబరు నుండి 2 శాతం. అమెరికాలో ఉన్నవారి ఫ్లాటులో అద్దెకుండే కుటుంబాలలో చాలామందికి ఈ సంగతి తెలియదు, యజమానులూ చెప్పరు. కోసుకోకపోతే ఆ పన్నును, దానిపై వడ్డీని కిరాయిదారు నుండే రాబట్టవచ్చును. యజమాని తన రిటర్ను దాఖలు చేసి, ఎక్కువగా కోసిన మొత్తాన్ని తిరిగి పొందవచ్చును.