'ళ'కి పెద్ద ఎల్ ఎందుకు?

2007లో సంక్రాంతికి మంగళగిరి వెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్‌లో లేఖిని తెరిచి నాన్న ముందు పెట్టాను. రిటైరైన తెలుగు మాస్టారు, మురిసిపోతారనుకున్నా. ఊరి పేరు కొట్టి చూడమన్నాను. 'ళ' దగ్గర ఆగిపోయారు. పెద్ద ఎల్ కొట్టాలని చెప్పా.

"ఏరా, తెలుగు రాయాలంటే ముందు ఇంగ్లీషు స్పెల్లింగు రావాలా?" అన్నారు.

ఇంటర్‌ఫేసుల మీద ఆఫీసులో లెక్చర్లిచ్చే నాకు జవాబు దొరకలేదు.

అసలీ గొడవ పాతదే. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ 1980లలో పుట్టి, 1991లో ఇస్కీతో పాటు భారతీయ ప్రమాణమైంది. ఎడమచేతికి అచ్చులు, గుణింతాలు, కుడిచేతికి చాలావరకు హల్లులు. తెలుగు 'క' ఏ మీట మీద ఉందో హిందీ 'క' కూడా అక్కడే. కాకపోతే కూర్చుని నేర్చుకోవాలి. విండోస్ ఎక్స్‌పీ (2001)లో తెలుగుకీ ఉండేది గానీ, నా చుట్టుపక్కల దాన్ని ముట్టుకున్నవాళ్ళు లేరు.

అటు రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ 1990ల మొదట్లో ఆర్టీఎస్ తయారుచేశారు. ఇంగ్లీషు అక్షరాలొస్తే చాలు. 2006లో వీవెన్ గారి లేఖిని ఆ పద్ధతిని బ్రౌజర్లోకి తెచ్చింది. మనలో చాలామంది కంప్యూటర్లో తెలుగు రాయడం దాంతోనే మొదలుపెట్టాం, ఆ రుణం కాదనను.

ఇక వేగం సంగతి. 'మంగళగిరి'కి ఆర్టీఎస్‌లో 11 అక్షరాలు, షిఫ్టు రెండుసార్లు. ఇన్‌స్క్రిప్ట్‌లో 8, షిఫ్టు ఒక్కసారే. హల్లులో 'అ' ఎలాగూ ఉంటుంది కదా, అదీ మిగులు. అలాగని ప్రతిసారీ ఇన్‌స్క్రిప్టే గెలవదు. 'స్క్రీన్' కొట్టి చూడండి: మూడు పొల్లులతో కలిపి అందులో 8, ఆర్టీఎస్‌లో 5. మన ఆఫీసు మాటలకి ఆర్టీఎస్, నాన్న మాటలకి ఇన్‌స్క్రిప్టూ నయమన్నమాట!

మా వీధి చివర డీటీపీ షాపు కుర్రాడిది మూడో దారి. అను ఫాంట్లు, యాపిల్ కీబోర్డు లేఅవుట్. కళ్ళు శుభలేఖ మేటర్ మీద, మీటల వంక చూపే లేదు. ఆర్టీఎస్ చూపిస్తే, "దీంతో రోజుకెన్ని కార్డులవుతాయన్నా?" అని నవ్వాడు.

చూడగానే తెలిసిపోవాలి అంటాం మనం. ఎవరికి? నాకు తెలిసిపోయిందంటే, అంతకుముందే ఏళ్ళ తరబడి ఇంగ్లీషులో కొట్టి ఉన్నాను కాబట్టి. కొత్తవాళ్ళకి మొదటి పది నిమిషాలు ముఖ్యం, ఆ కుర్రాడికి పదేళ్ళు. ఇద్దరికీ ఒకటే సరిపోతుందని డిజైన్ రివ్యూల్లో ఎంత గట్టిగా వాదించానో తల్చుకుంటే సిగ్గేస్తుంది.

తిరిగొచ్చే ముందు నాన్నకి ఇన్‌స్క్రిప్ట్ పెట్టి, మీటల మీద తెలుగు అక్షరాల చీటీలు అంటించాను. నెల తర్వాత మెయిలొచ్చింది, తెలుగులో నాలుగు లైన్లు, ఒక్క తప్పు లేకుండా. జవాబు మాత్రం నేను ఆర్టీఎస్‌లోనే కొట్టాను లెండి :)