ఛాసిస్ నిలిస్తే బండి నిలిచినట్టే

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇనుముకు ఆయుష్షు తక్కువ. వజ్రపుకొత్తూరు నుంచి సోంపేట, కవిటి దాకా తీరం వెంబడి ఏ ఊళ్లోనైనా కిటికీ ఊచ మీద చెయ్యేస్తే ఎర్రటి పొడి అంటుకుంటుంది. సముద్రం మీంచి వచ్చే గాలి ఉప్పును మోసుకొస్తుంది. ఆ ఉప్పు రేకు మీద చేరి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రంగులో వెంట్రుకవాసి పగులు ఉన్నా చాలు, లోపల తుప్పు మొదలైపోతుంది. అలాంటి చోట మూడు నాలుగు దశాబ్దాల కిందటి జీపులు ఇంకా జీడితోటల్లోంచి బస్తాలు మోస్తున్నాయంటే, టెక్కలి వైపు ఏ పెళ్లిలోనో తెల్ల అంబాసిడర్ ఇంకా కనిపిస్తోందంటే, అది ఊరికే జరిగింది కాదు. దాని వెనక ఎందరి చేతిపనో ఉంది, ఆ జీపుల పుట్టుకలోనే ఉన్న ఒక సుగుణమూ ఉంది.

ఆ సుగుణం ఏమిటో తెలియాలంటే ముందు అమెరికా కథ కొంత చెప్పుకోవాలి. పాత కారు కొని, మడ్‌గార్డులు, బానెట్, ముందు అద్దం ఊడదీసి బరువు తగ్గించి, ఉన్న ఇంజినుకు సత్తువ పెంచో, దాన్ని దించేసి మరింత బలమైనది బిగించో పరుగెత్తించే అలవాటు 1930లలో దక్షిణ కాలిఫోర్నియాలో ఊపందుకుంది. అలా తయారైన బండికే తర్వాత హాట్ రాడ్ అని పేరొచ్చింది. లాస్ ఏంజిలెస్‌కు ఆవల ఎడారిలో మ్యూరాక్, ఎల్ మిరాజ్ అనే ఎండిన సరస్సులున్నాయి. నేల గట్టిగా, బల్లపరుపుగా ఉంటుంది. కుర్రాళ్లు తమ బండ్లతో అక్కడికి చేరి ఎవరిది ఎంత వేగమో తేల్చుకునేవారు. 1937లో వాళ్ల క్లబ్బులు కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, సైన్యంలో మెకానిక్ పని నేర్చిన యువకులు ఇళ్లకు తిరిగొచ్చి ఈ సరదాను ఉద్యమం చేశారు. 1948 జనవరిలో హాట్ రాడ్ పేరుతోనే ఒక పత్రిక మొదలైంది.

వాళ్లకు ముడిసరుకు ఎక్కడిది? ఫోర్డ్ కంపెనీ 1908 నుంచి 1927 వరకు కోటిన్నర మోడల్ టి కార్లు చేసింది. ఆ తర్వాత మోడల్ ఎ వచ్చింది. 1932లో సామాన్యుడు కొనగలిగే ధరలో ఎనిమిది సిలిండర్ల వి8 ఇంజిను వచ్చింది, 65 గుర్రాల బలంతో. ఒక ఏడాది ఫోర్డ్ భాగం మరో ఏడాది ఫోర్డ్‌కు కాస్త చెక్కుకుంటే సరిపోయేది. తుక్కు దుకాణాల్లో ఇవి కొద్ది డబ్బుకే దొరికేవి. యుద్ధకాలంలో ఇనుము కోసం ఎన్నో పాత బండ్లను కరిగించేశారు. ఆ కొలిమి తప్పించుకున్నవి ఎడారి పొడిగాలిలో తుప్పు పట్టకుండా, పాకల్లో, పొలాల గట్ల మీద ఏళ్ల తరబడి పడి ఉండగలిగాయి.

ఇవన్నీ నిజమే గానీ, ఆ బండ్లు మిగలడానికి నా లెక్కలో అసలు కారణం వేరే ఉంది. ఆ కార్లలో ఛాసిస్ వేరు, బాడీ వేరు. కింద రెండు పొడవాటి ఇనుప దూలాలు, వాటిని కలిపే అడ్డ దూలాలు. ఇంజిను, చక్రాలు, కమాన్లు దాని మీదే కూర్చుంటాయి. పైన బాడీ బోల్టులతో బిగించి ఉంటుంది. బోల్టులు విప్పితే నలుగురు మనుషులు దాన్ని ఎత్తి పక్కన పెట్టగలరు. బాడీ కుళ్లితే ఛాసిస్ మిగులుతుంది, ఛాసిస్ వంగితే బాడీ మిగులుతుంది. ఒక బండి పైభాగం, మరో బండి కింది భాగం, మూడోదాని ఇంజిను కలిపి కొత్తది కట్టొచ్చు. విడదీయడానికి వీలున్న బండే దశాబ్దాలు దాటుతుంది. ఉద్దానంలోనూ ఇదే నడిచింది.

మన దేశానికీ ఆ ఫోర్డ్‌లు వచ్చాయి. 1926లో ఫోర్డ్ ఇక్కడ కంపెనీ పెట్టింది. కానీ జమీందార్లు, వ్యాపారులు, అధికారులు తప్ప కారు కొన్నవాళ్లు ఎందరు? ఊరికొకటి కూడా లేని చోట విడిభాగాల దుకాణం ఎలా నిలుస్తుంది? యుద్ధం రోజుల్లో పెట్రోలు కరువైతే బస్సుల వెనక బొగ్గు పొయ్యి బిగించి, ఆ పొగ గ్యాసుతో ఇంజిను నడిపారు. ఆనాటి బొగ్గు బస్సు కొండ ఎక్కలేకపోతే ప్రయాణికులు దిగి తోసిన కథలు తాతల తరం చెప్పేది. కంపెనీ ఇచ్చిన బండిని మన అవసరానికి మార్చుకోవడం అప్పుడే మొదలైంది.

తర్వాత వచ్చింది అంబాసిడర్. 1942లో పుట్టిన హిందుస్థాన్ మోటార్స్, కలకత్తా పక్కన ఉత్తరపారాలోని ఫ్యాక్టరీలో, బ్రిటన్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా దీన్ని తయారుచేసింది. 1950ల చివర మొదలై 2014 మేలో ఉత్పత్తి ఆగేదాకా ఆ గుండ్రటి ఆకారం పెద్దగా మారలేదు. 1963లో మార్క్-2, 1975లో మార్క్-3, 1979లో మార్క్-4 వచ్చినా, ముందు జాలీ, లైట్లు మారాయే గానీ లోపలి ఎముకలు అవే. మెకానిక్‌కు ఇది వరం. ఒకసారి నేర్చిన పని ముప్పై ఏళ్లు పనికొచ్చింది. ఉత్తరపారా హౌరాకు దగ్గరే, పలాస హౌరా–చెన్నై రైలు మార్గంలో పెద్ద స్టేషను. కలకత్తా నుంచైనా, విజయవాడ ఆటోనగర్ నుంచైనా ఇక్కడికి సామాను చేరడం కష్టం కాదు. పలాస, కాశీబుగ్గ పక్కపక్కనే ఉన్న జంట ఊళ్లు. జాతీయ రహదారి, జీడి వ్యాపారం రెండూ ఉన్నచోట లారీ షెడ్లు, లేతు మిషన్లు, వెల్డింగ్ దుకాణాలు వాటంతటవే వస్తాయి. లారీలకు పుట్టిన పనితనం పాత కార్లకూ కలిసొచ్చింది.

అయితే అంబాసిడర్‌కు ఒక లోపం ఉంది. దానికి విడి ఛాసిస్ లేదు. అడుగు రేకు, పక్క దూలాలు, పైకప్పు అన్నీ ఒకే పెట్టెగా వెల్డింగ్ చేసి ఉంటాయి. అడుగు కుళ్లితే బండి మొత్తానికే బలం పోతుంది. పాత అంబాసిడర్ చూడ్డానికి వెళ్తే తెలిసిన మెకానిక్ పై రంగు వైపు చూడడు. ముందు తలుపు తెరిచి, చెయ్యి కింద పెట్టి కాస్త పైకి లేపి చూస్తాడు. తలుపు కిందికి జారి ఉంటే కీలైనా అరిగి ఉండాలి, స్తంభమైనా వదులై ఉండాలి. తర్వాత డ్రైవరు కాళ్ల దగ్గరి మ్యాట్ ఎత్తి, కింది రేకును స్క్రూడ్రైవర్ మొనతో అంగుళం అంగుళం పొడుస్తాడు. గట్టిగా ఠంగుమంటే మంచి రేకు. మెత్తగా దిగితే పైన రంగు మాత్రమే ఉంది. పక్క దూలం మీద అయస్కాంతం పెట్టి జరుపుతాడు. అది అంటుకోని చోట రేకు లేదు, లప్పం ఉంది. నిజాయతీ ఉన్న టింకరు లప్పం గీకి, కుళ్లిన రేకును మంచి రేకు తగిలేదాకా కోసేసి, కొత్త ముక్క అతుకుతాడు. తొందరపడేవాడు తుప్పు మీదే లప్పం రాసి రంగు కొట్టి పంపిస్తాడు. రెండు వానాకాలాలు గడిస్తే ఆ తేడా అందరికీ కనిపిస్తుంది. ఈ ప్రాంతంలో అంబాసిడర్లు ఎక్కువ కాలం నిలిచింది తీరానికి దూరంగా, టెక్కలి నుంచి పాతపట్నం వైపు. నౌపడ ఉప్పు మడుల గాలి తగిలే ఊళ్లలో దాని అడుగు త్వరగా పోతుంది.

జీపు దారి వేరు. రెండో ప్రపంచయుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిపి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. యుద్ధం తర్వాత మహీంద్రా ఆ విల్లీస్ జీపును మన దేశంలో బిగించడం మొదలుపెట్టి, క్రమంగా పూర్తిగా ఇక్కడే తయారుచేసింది. కింద విడి ఛాసిస్, పైన దాదాపు తిన్నటి రేకులతో చేసిన తొట్టి. అంబాసిడర్ మడ్‌గార్డు వంపు తిప్పాలంటే ఫ్యాక్టరీ ప్రెస్సు కావాలి. జీపు తొట్టికి మంచి రేకు, వంచే బల్ల, వెల్డింగ్ మిషన్ ఉంటే చాలు. ఇసక దారుల్లో నాలుగు చక్రాలూ లాగుతాయి. టెక్కలి నీలి గ్రానైటు క్వారీల గుట్టలెక్కినా, కొబ్బరితోటల మధ్య సన్నటి దారుల్లో దూరినా జీపే. అందుకే ఉప్పుగాలిలో సైతం ఇది మిగిలింది. తొట్టి రెండుసార్లు మారిన జీపు కూడా దాని యజమానికి అదే జీపు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. తుపాను గాలి ఉప్పు తుంపరను మామూలుగా చేరని ఊళ్లకూ మోసుకుపోతుంది. అలాంటప్పుడు పాత బండి అడుగును వెంటనే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టడం ముఖ్యం. తీరంలో చాలామంది కాలిన ఇంజిను ఆయిలును బ్రష్‌తో ఛాసిస్‌కు పూస్తారు. తుప్పు ఆగుతుంది, నిజమే. కానీ అది ఇసకలోకి కారి భూగర్భజలంలో కలుస్తుంది. కిడ్నీ జబ్బుతో ఇళ్లకిళ్లు కుంగిపోయిన ఉద్దానంలో నేల మీద కాలిన ఆయిలు పోయడం నాకు సమ్మతం కాదు. గ్రీజు రాసినా, మైనం కలిపిన పూత వేసినా ఆ పని జరుగుతుంది.

ఇంజిను మార్పిడికి వద్దాం. అమెరికా కుర్రాడు పెద్ద ఇంజిను పెట్టింది వేగం కోసం. మనవాళ్లు పెట్టింది ఖర్చు తగ్గించుకోవడానికి. 1973 తర్వాత పెట్రోలు ధర పెరిగి, డీజిల్ చవకగా దొరికే రోజుల్లో పెట్రోలు అంబాసిడర్‌లోంచి ఇంజిను దించి మెటడార్ వ్యాను డీజిల్ ఇంజిను ఎక్కించడం దేశమంతటా సాగింది. హిందుస్థాన్ మోటార్స్ కూడా 1980 ప్రాంతంలో సొంతంగా డీజిల్ కారు తెచ్చింది. మహీంద్రా 1980లలో ప్యూజో డీజిల్ ఇంజిన్లు పెట్టడం మొదలెట్టాక, పాత పెట్రోలు జీపుల్లోకీ అవే దిగాయి. పని చిన్నదేం కాదు. కొత్త ఇంజిను కూర్చునే దిమ్మలు వెల్డింగ్ చేయాలి, గేరుబాక్సుకీ ఇంజినుకీ మధ్య పళ్లెం లేతు మీద తిప్పించాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోసి పొడవు సరిచేయాలి, డీజిల్ బరువుకు తట్టుకునేలా ముందు కమాన్లకు ఒక పట్టీ అదనంగా వేయాలి. కొలత ఒక నూలు తప్పినా షాఫ్ట్ అదురుతుంది. డ్రాయింగ్ కాగితం లేకుండా, దారం, బద్ద, కంటిచూపుతో ఈ పని చేసిన మేస్త్రీలను నేను ఇంజినీర్లుగానే లెక్కేస్తాను. పంజాబ్–హర్యానా సరిహద్దులోని మండీ డబ్వాలీలో పాత సైనిక సామానుతో జీపులు కట్టే పరిశ్రమే పుట్టింది. మన దగ్గర అది పరిశ్రమ కాలేదు, షెడ్డు పనిగానే ఉండిపోయింది.

పలాసకు ఈ కథలో ఇంకో వాటా ఉంది. జీడిపప్పు తీశాక మిగిలే తొక్కలో నల్లటి, చిక్కటి నూనె ఉంటుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు పొక్కించేది అదే. దాన్ని రసాయనంతో గట్టిపరిచి పొడి చేస్తే బ్రేకు లైనింగుల్లో వాడే ఘర్షణ పొడి అవుతుంది. బ్రేకు వేడెక్కినా పట్టు వదలకుండా, కీచుమనకుండా ఇది కాపాడుతుంది. గత శతాబ్దం మొదటి సగం నుంచే అమెరికాలో ఈ వాడకం ఉంది. హాట్ రాడ్ల కాలపు బ్రేకుల్లోనూ జీడితొక్క నూనె పనిచేసిందన్నమాట. తుప్పు ఆపే రంగుల్లోనూ దీన్ని కలుపుతారు. మన దేశ తీరాల్లో చెక్కపడవలకు ఈ నూనె పూయడం పాత అలవాటు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని యజమాని తన ఇష్టానికి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఇలాంటి మార్పుకు ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. రోడ్డు మీద మిగతావాళ్ల ప్రాణాల కోసం ఇది అవసరమే. వెల్డింగ్ సరిగా లేని స్టీరింగు ఊళ్లో తిరగకూడదు. నాకు బాధ కలిగించేది 2021 నాటి వింటేజ్ నిబంధన. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండికి ప్రత్యేక గుర్తింపు ఇస్తారు, కానీ ఛాసిస్, బాడీ, ఇంజినుల్లో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. మహారాజుల గ్యారేజీలో అద్దంలా ఉంచిన కారుకు ఇది సరిపోతుంది. ఉద్దానంలో తొట్టి మార్చి, డీజిల్ ఎక్కించి, బస్తాలు మోస్తూ అర్ధశతాబ్దం నిలిచిన జీపుకు ఆ గుర్తింపు రాదు. అది బతికిన తీరే దానికి అడ్డు. పని చేస్తూ మిగిలిన బండ్లకు వేరే వర్గం పెట్టి, భద్రత పరీక్షలు చేసి నమోదు చేస్తే ఈ జిల్లా చేతిపని చరిత్ర కొంతైనా కాగితం మీద మిగులుతుంది.

ప్రస్తుతానికి సొంత బండికి 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. కారుకు ఈ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. ఇంజిను మార్చినప్పుడే అనుమతి తీసుకుని ఆర్‌సీలో కొత్త నంబరు రాయించుకున్నవాళ్ల జీపు రోడ్డెక్కుతుంది, రాయించుకోనివాళ్లది తోట దాటలేదు. తనిఖీలో మొదట చూసేది ఛాసిస్ మీద కొట్టిన నంబరు. తీరంలో తుప్పు ఆ అంకెలనూ తినేస్తుంది. అంకెలు చదవడానికి లేకుండా పోతే రవాణా శాఖ అనుమతితో తప్ప మళ్లీ కొట్టించడానికి లేదు. పాత జీపు కొనబోయేవాళ్లు ఇంజిను శబ్దం వినడానికి ముందే ఆ చోట మట్టి తుడిచి, కిరోసిన్ గుడ్డతో రుద్ది, అంకెలు ఆర్‌సీతో ఒక్కొక్కటే పోల్చుకోవాలి. కొన్నాక మొదటి గ్రీజు రాయాల్సింది కూడా అక్కడే.