వేటకుక్కలు – దుప్పి సాక్ష్యము

వేట రాజులకు వ్యసనమా, వ్యాయామమా యను ప్రశ్న మన దేశమున మిక్కిలి పాతది. మనుస్మృతి కామమువలన పుట్టు వ్యసనములలో మద్యము, జూదము, స్త్రీలోలత్వములతోపాటు మృగయను చేర్చి, ఈ నాలుగును అన్నిటికంటె చెడ్డవని నిర్ణయించినది. కౌటిల్యుడు అర్థశాస్త్రము ఎనిమిదవ అధికరణమున ఈ విషయమునే వాదప్రతివాదములుగా నడిపెను. జూదముకంటె వేటయే చెడ్డదని పిశునుడను పూర్వాచార్యుని మతము. దొంగలు, శత్రువులు, క్రూరమృగములు, కార్చిచ్చు, దారి తప్పుట, ఆకలిదప్పులు, తుదకు ప్రాణాపాయము – ఇన్ని కీడులు వేటలో గలవని అతడు చెప్పెను. కౌటిల్యుడు అంగీకరింపలేదు. వేటవలన దేహమునకు వ్యాయామము కలుగును. కఫము, పిత్తము, క్రొవ్వు తగ్గును. నిలిచిన గురిని, కదలెడు గురిని కొట్టుట అలవడును. మృగములు కోపించినపుడును భయపడినపుడును వాని మనస్సు ఎట్లుండునో తెలియును. కనుక జూదమే అధికదోషమని ఆయన సిద్ధాంతము. కాళిదాసు శాకుంతలము రెండవ యంకమున సేనాపతి దుష్యంతునితో వేటను మెచ్చుకొనుచు చెప్పు మాటలు ఇంచుమించుగా ఇవియే.

ఈ వాదము నంతను చదివినవారికి ఒక లోపము తోచక మానదు. దొంగలు వచ్చిరి, కార్చిచ్చు వచ్చినది, రాజుగారి క్రొవ్వుకూడ వచ్చినది. దుప్పి మాత్రము ఎక్కడను రాలేదు. దాని భయము ప్రస్తావనకు వచ్చినను, అది రాజు నేర్చుకొనవలసిన పాఠముగనే వచ్చినది.

దుప్పికి నోరిచ్చినది మహాభారతము. పాండురాజు అడవిలో జంటగా క్రీడించుచున్న మృగములను బాణములతో కొట్టెను. అందు మగది కిందముడను ముని. నన్నయ ఆదిపర్వము మూలమున తెలుగు వారందరు ఎరిగిన కథయే ఇది. పాండురాజు తన్ను సమర్థించుకొనుచు, శత్రువులను చంపినట్లే మృగములను చంపుట రాజులకు ధర్మమనెను. దానికి కిందముడిచ్చిన యుత్తరము గమనింపదగినది. మృగమును చంపినందుకు నేను నిన్ను నిందించుట లేదు, చంపిన సమయమును, చంపిన తీరును నిందించుచున్నాననియే ఆతని యభిప్రాయము. చంపవచ్చునా, కూడదా యనునది ఒక ప్రశ్న. ఎట్లు చంపుట యనునది వేరొక ప్రశ్న. ఈ రెండవ ప్రశ్నపైననే చాలకాలమునకు పిమ్మట, సముద్రముల కావల, ఒక పార్లమెంటు సంవత్సరముల తరబడి తగవులాడెను.

మొదటి ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నవాడు అశోకుడు. కర్నూలు మండలమున యెఱ్ఱగుడి బండలపైనను ఆయన శాసనములు కలవు. పూర్వము వంటశాలకై లక్షలాది ప్రాణులు చంపబడుచుండెననియు, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమే – ఆ జింకయు నిత్యము కాదు – చంపబడుచున్నవనియు, ఇకమీదట అవికూడ చంపబడవనియు మొదటి శాసనము తెలుపును. ఎనిమిదవ శాసనమున వేటతో కూడిన విహారయాత్రలు పోయి ధర్మయాత్రలు వచ్చెను. 1958లో కాందహారు వద్ద బయటపడిన గ్రీకు, అరమాయిక భాషల శాసనము రాజుగారి వేటగాండ్రు, జాలరులు తమ పని మానిరని కూడ చెప్పుచున్నది. అట్లు ఒక్క వేటుతో తేల్చిన ప్రభువులు అరుదు. అక్బరు 1578లో భేరా సమీపమున మృగములను చుట్టుముట్టి చంపు మహావేటను నడుమ నిలిపివేసి, చిక్కినవానినన్నిటిని విడిచిపెట్టించెను. కాని మొగలాయీల వేట దానితో అంతరింపలేదు.

కుక్కలతో వేటాడుట మన సాహిత్యమునకు క్రొత్త గాదు. ధూర్జటి శ్రీకాళహస్తిమాహాత్మ్యమున తిన్నని వేటలో జాగిలములు కలవు. అయితే బోయపల్లెల కుక్క ఆకలికి తోడు. మాంసము దొరికిన వెంటనే పని ముగిసినది. కుక్కల పరుగునే వినోదముగా చేసి, దానికి ఋతువులు, ఉద్యోగులు, దుస్తులు, చట్టములు కల్పించుకొన్నది పశ్చిమ ఐరోపా. అందునను ఇంగ్లండు చరిత్ర మిక్కిలి తెలిసినది.

నార్మనురాజుల కాలమున అడవులు రాజు సొత్తు. దుప్పి రాజుగారి మృగము. 1217నాటి అరణ్యశాసనము రాజుగారి దుప్పిని చంపినందుకు ఎవడును ప్రాణముగాని అవయవముగాని కోల్పోరాదని విధించినది. అంతకు ముందు కోల్పోవుచుండిరని వేరుగ చెప్పనక్కరలేదు. అడవి హద్దులలోని కాపుల కుక్కలకు మాత్రము ఆ దయ లేదు. అవి దుప్పిని తరుమకుండుటకై ముందరి పాదమున మూడు గోళ్లు నరుకుట ఆ శాసనమునందే నియమింపబడినది. రాజుగారి కుక్క పరుగెత్తవలెను, కాపుకుక్క కుంటవలెను.

ఈ వినోదమును మొదట పరిహసించిన వారిలో సర్ థామస్ మోరు ఒకడు. 1516లో ప్రకటించిన యుటోపియాలో అతడు, కుక్క కుక్కను తరుమునపుడు లేని సంతోషము కుక్క కుందేటిని తరుమునపుడు ఎక్కడనుండి వచ్చినదని ప్రశ్నించి, ఆ పనిని కసాయివారికి విడిచిపెట్టెను. కాని మోరుకు కూడ అది ముఖ్యముగా మనుష్యుని మనస్సును గూర్చిన చింతయే. తరువాతి శతాబ్దపు ప్యూరిటనులను గూర్చి మెకాలే ఆడిన ఎత్తిపొడుపు ప్రసిద్ధము: వారు ఎలుగుబంటిపై కుక్కలను ఉసికొల్పు ఆటను ద్వేషించినది ఎలుగుబంటి బాధకై కాదట, చూచువారి సంతోషమునకై యట.

ఇంగ్లండు నైరుతి మూలను డెవన్, సోమర్సెట్ మండలముల నడుమ ఎక్స్‌మూర్ అను బీడుభూమి కలదు. ఎఱ్ఱదుప్పులు, అనగా మన కణుజును బోలిన పెద్దకొమ్ముల జాతి, అచట స్వేచ్ఛగా తిరుగును. 1855లో ఏర్పడిన డెవన్ అండ్ సోమర్సెట్ వేటసంఘము అచటి వేటకు పేరు తెచ్చెను. ఆ వేట నడచుచుండిన తీరు తెలిసికొననిదే తరువాతి తగవు అర్థము కాదు. తెల్లవారకమునుపే ఒక జాడకాడు పోయి, తగిన పోతుదుప్పి ఎక్కడ పండుకొనియున్నదో కనిపెట్టును. అనుభవము గల కొలది కుక్కలను ముందు విడిచి దానిని మందనుండి వేరు చేయుదురు. పిమ్మట కుక్కల గుంపును విడుతురు. గుఱ్ఱములపై వందలకొలది జనము వెనుక సాగుట కలదు. వేగములో కుక్క దుప్పిని అందుకొనజాలదు. దుప్పి ఒక పరుగున దూరమునకు పోయి ఆగును. కుక్కలు వాసన పట్టి నింపాదిగా వచ్చును. దుప్పి మరల పరుగెత్తును. ఇట్లు గంటలు గడచును. తుదకు అది యలసి ఏటినీటనో గట్టువారనో నిలిచి ఎదురు తిరిగినపుడు వేటసంఘపు మనిషి దగ్గరనుండి తుపాకితో కాల్చును. శీతకాలమున పెంటిదుప్పులను ఇట్లే వేటాడుచుండిరి. కుక్కలు దుప్పిని చంపవని వేటవారు పదేపదే చెప్పుకొనిరి. అది చాలవరకు నిజమే. కాని తగవు తుదినిమిషమును గూర్చినది కాదు.

ఇంతకంటె విచిత్రమైన వేట లండనుకు చేరువనే ఉండెను. విండ్సరువద్ద రాజుగారి వేటకుక్కలు దొడ్డిలో పెంచిన దుప్పిని తరుముచుండెను. దానిని బండిలో తెచ్చి విడిచి, తరిమి, పట్టుకొని, మరల బండిలో ఇంటికి చేర్చి, ఇంకొకనాటి వేటకు దాచుచుండిరి. ఆ కుక్కల అధిపతి యను పదవి మంత్రివర్గముతోపాటు మారెడిది! 1891లో మానవీయసంఘమును స్థాపించిన హెన్రీ సాల్టును అతని మిత్రులును దీనిపై పోరాడగా, 1901లో ఎడ్వర్డు ప్రభువు సింహాసనమెక్కిన ఏడే ఆ వేట రద్దయ్యెను. గాంధీజీ లండనులో చదువుకొనునపుడు ఒక శాకాహార భోజనశాలలో కొని చదివి, శాకాహారమును మనఃపూర్వకముగ స్వీకరించుటకు కారణమైన చిన్న పుస్తకము ఈ సాల్టు వ్రాసినదే.

ఎక్స్‌మూర్ వేటకు మాత్రము ఆటంకము కలుగలేదు. 1911నాటి జంతురక్షణ చట్టము పెంపుడు జంతువులను, బంధింపబడినవానిని కాపాడినది; స్వేచ్ఛగా తిరుగునది దాని రక్షణకు వెలుపల నుండెను. 1949లో పార్లమెంటులో ఒక సభ్యుడు నిషేధపు బిల్లు తెచ్చెను, అది ఓడిపోయినది. ప్రభుత్వము స్కాట్ హెండర్సన్ అధ్యక్షతను సంఘము వేసెను. 1951లో వచ్చిన నివేదిక, దుప్పుల సంఖ్యను అదుపున ఉంచు ఇతర పద్ధతులకంటె వేట అధిక క్రూరము కాదనెను. సంఘము వేయుట, నివేదిక వచ్చుట, నివేదిక బీరువా చేరుట – ఈ క్రమము సచివాలయములవారికి వివరింపనక్కరలేదు.

వేటవారి వాదము త్రోసివేయదగినది కాదు. దుప్పులు పంటలు మేయును. వేటపై అభిమానమువలననే రైతులు ఆ నష్టమును సహించిరి, లేనిచో దుప్పిజాతియే అచట మిగులకపోయెడిది. గురితప్పిన తుపాకిగుండు తగిలిన దుప్పి దినముల తరబడి యాతన పడి చచ్చును; కుక్కలు తరిమినది చచ్చిన చచ్చును, తప్పించుకొన్న బ్రతుకును. పూర్వము తోడేళ్లు తరుమలేదా? తరుమబడుట దుప్పికి సహజమే కదా? ఈ కడపటి మాటకు ఏబదియేండ్ల వరకు ఎవరును ప్రమాణముతో ఉత్తరము చెప్పలేకపోయిరి. ఏలయన దుప్పిని అడిగినవారు లేరు.

ఎక్స్‌మూర్‌లోను, పొరుగున క్వాంటాక్ కొండలలోను నేషనల్ ట్రస్టు అను సంస్థకు భూములు కలవు. తన నేలపై వేటను సాగనిత్తునా, మాన్పింతునా యని సభ్యులలో తగవులు పెరుగగా, ఆ సంస్థ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున జంతుప్రవర్తనాచార్యుడగు పాట్రిక్ బేట్‌సన్‌ను పరిశోధింపుమని కోరెను. ఆయనయు, సహచరి ఎలిజబెత్ బ్రాడ్‌షాయు, వేటాడబడిన 64 దుప్పుల నెత్తురును, కండను పరీక్షించి, తరుమకయే శుభ్రముగా కాల్చబడిన 50 దుప్పులవానితో పోల్చిరి. వేట సగటున 19 కిలోమీటర్ల దూరము, ఇంచుమించు మూడు గంటల సేపు సాగుచుండెనని తేలెను. తరుమబడిన దుప్పి కండలలో శక్తినిచ్చు పిండిపదార్థము హరించిపోయియుండెను. కండలు చెడియుండెను. ఎఱ్ఱకణములు చితికియుండెను. తీవ్రమైన భయమునందును ఆయాసమునందును నెత్తురున పెరుగు కార్టిసాల్ అను రసము మిక్కిలి హెచ్చుగా నుండెను. దుప్పి నిలకడగ ఒకచోట మేయు మృగము, చిన్నపరుగులకు తగినది, దూరపు పరుగుకు దాని దేహము సిద్ధముగా లేదని బేట్‌సన్ తేల్చెను. తోడేటి వేట సాధారణముగా కొద్దిదూరముననే ఎటో ఒకటు తేలిపోవును. వాసన పట్టి విడువక వచ్చు పెంపుడుకుక్కల గుంపు తోడేలువంటిది కాదు.

1997 ఏప్రిలులో ఈ నివేదిక అందినంతనే ట్రస్టు తన భూములపై దుప్పివేటను నిషేధించెను. కౌటిల్యుని నాటినుండి వేటగాని క్రొవ్వును కొలిచిన శాస్త్రము, ఇప్పుడు దుప్పి నెత్తురును కొలిచినది. వేటపక్షమువారును ఊరకుండక వేరు పరిశోధన చేయించిరి. 1999లో వెలువడిన ఆ ఫలితములు కొలతలలో చాలవరకు మొదటివానితో సరిపోయెను. తీవ్రబాధ వేట తుదిఘట్టమునకే పరిమితమనునదే వారి భేదము. తగవు అప్పటికి బాధ ఉన్నదా లేదా యనుచోటనుండి, ఎంతసేపు అనుచోటికి దిగివచ్చినది.

ప్రభుత్వము మరల ఒక సంఘమును వేసెను. దీని అధ్యక్షుడు లార్డ్ బర్న్స్, అంతకుముందు బ్రిటిషు ఆర్థికశాఖకు శాశ్వతకార్యదర్శి. 2000 జూనులో వచ్చిన ఆయన నివేదిక, దుప్పి వేటలోని కడపటిభాగము ఆ మృగపు క్షేమమును తీవ్రముగా భంగపరచునను అర్థమిచ్చు మాట వాడినదే గాని, క్రూరమను పదమును దరిజేరనీయలేదు. నోటులు వ్రాసి తలనెరసిన చేయి అచట కనబడును. ఆ ఒక్క వాక్యమును ఇరుపక్షములును తమకు అనుకూలమనియే చాటుకొనిరి.

స్కాట్లండు 2002లో ముందుగా చట్టము చేసెను. ఇంగ్లండు, వేల్సులకు 2004లో వేటచట్టము వచ్చినది. ప్రభువుల సభ ఒప్పుకొననందున పార్లమెంటు చట్టముల అధికారముతో దిగువసభ తన మాట నెగ్గించుకొన్నది. 2005 ఫిబ్రవరి 18వ తేదీనుండి అది అమలయ్యెను. అయితే అందు మినహాయింపులు కలవు. మృగమును పొదనుండి వెడలించి వెంటనే కాల్చుటకు రెండు కుక్కల వరకు వాడవచ్చును. దీని నాధారము చేసికొని రెండేసి కుక్కలను వంతులుగా మార్చుచు దుప్పిని తరిమిన క్వాంటాక్ వేటవారికి 2007లో న్యాయస్థానము శిక్ష విధించెను. చట్టము కుక్కలను లెక్కించినది. వేటవారు ఆ లెక్కనే పట్టుకొనిరి. నిషేధము దుప్పులను బ్రతికించునని ఆశించినవారికి ఆ చట్టము ఏమియు వాగ్దానము చేయలేదు. దుప్పులను నేటికిని తుపాకితో కాల్చుచునే యున్నారు. కిందముడు కోరినదియు అంతవరకే.

మన దేశమున 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కృష్ణజింకను మొదటి షెడ్యూలున చేర్చినది. 1991 సవరణతో వినోదపు వేటకు చోటే లేకపోయినది. ఆ కృష్ణజింక ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రమృగము, తెలంగాణకు చుక్కలజింక. కాని బేట్‌సన్ కొలిచిన విషయము ఇచటి వనశాఖలవారికి వేరొక రూపమున ఎదురగుచున్నది. జింకలను ఒక అడవినుండి వేరొక అడవికి తరలింపవలసివచ్చినపుడు, తరిమి పట్టినవి పైకి గాయమేమియు లేకయే కొన్ని గంటలకో దినములకో చచ్చుట కలదు. పరుగువలనను బెదురువలనను కండలు చెడిపోవుటయే కారణము. అందుచే మధ్యప్రదేశ్ మొదలగుచోట్ల ఆఫ్రికానుండి వచ్చిన బోమా పద్ధతిని వాడుచున్నారు. గరాటువలె క్రమముగా ఇరుకగు ఆవరణము కట్టి, గోడలకు తెరలు దించి, మందను మెల్లగా లోనికి మళ్లించి, కొసకు ఆనించి యుంచిన లారీలోనికి నడిపింతురు. అచట జింకను ఎవరును చేతితో తాకరు, పరుగెత్తింపరు.