పట్టా భూమిలో పెద్దచెట్టు: హక్కు యజమానిదే.. నరికివేతకు అనుమతి తప్పనిసరి

వికారాబాద్, తాండూరు: జిల్లాలోని వయోవృద్ధ వృక్షాలన్నీ అడవిలోనో, ప్రభుత్వ స్థలాల్లోనో లేవు. పొలంగట్లపై వేపలు, ఇప్పలు, పెరళ్లలో చింతలు, పాత బావుల పక్కన మర్రి, రావి చెట్లు పట్టాదారుల అధీనంలోనే ఉన్నాయి. అనంతగిరి అడవులకు అటవీశాఖ కాపలా ఉన్నది. సొంత భూమిలోని చెట్టుకు మాత్రం యజమానియే కాపలాదారు. పొలం ప్లాట్లుగా మారినప్పుడు, పాత ఇల్లు కూల్చి కొత్తది కట్టినప్పుడు, అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నప్పుడు మొదటి వేటు చెట్టుపైనే పడుతున్నది. ఈ నేపథ్యంలో చట్టం ఇచ్చే రక్షణ ఏమిటి, యజమాని చేయవలసినదేమిటి అన్న విషయాలు ప్రతి రైతు, ప్రతి గృహస్థు తెలుసుకోదగినవి.

చట్టం ఏమంటున్నది?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన జల, భూమి, వృక్ష చట్టం (వాల్టా) రాష్ట్ర విభజన తరువాత తెలంగాణలోనూ కొనసాగుతున్నది. దీని ప్రకారం సొంత భూమిలోని చెట్టునైనా ముందస్తు అనుమతి లేనిదే నరకరాదు. అందుకు అటవీశాఖకు దరఖాస్తు చేసుకోవాలి. అధికారులు చెట్టును పరిశీలించి నిర్ణయం తీసుకుంటారు. అనుమతి పొందినవారు నరికిన చెట్టుకు బదులుగా మొక్కలు నాటవలసి ఉంటుంది. నీలగిరి, సుబాబుల్, సరుగుడు వంటి సాగు జాతులకు మినహాయింపు ఉన్నది. నరికిన కలపను తరలించడానికి రవాణా అనుమతి వేరుగా అవసరమవుతుంది.

అయితే ఈ చట్టం గొడ్డలిని ఆపగలదు గాని, నిర్లక్ష్యాన్ని ఆపలేదు. వేరు తెగి, ఊపిరాడక, నాలుగైదేళ్లలో ఎండిపోయే చెట్టుకు దరఖాస్తుతో పనిలేదు. కనుక అసలు రక్షణ పోషణలోనే ఉన్నది.

చేవెళ్ల దారి చెప్పే పాఠం

తాండూరు, వికారాబాద్ ప్రజలు హైదరాబాద్ వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారిపై అప్పా కూడలి నుంచి మన్నెగూడ వరకు సుమారు 900 మర్రి చెట్లు ఉన్నాయి. రహదారి విస్తరణలో వీటి భవితవ్యంపై వివాదం జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు చేరగా, పనులు ఏళ్ల తరబడి జాప్యమయ్యాయి. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ వద్ద కంకర టిప్పర్ తాండూరు డిపో ఆర్టీసీ బస్సును ఢీకొన్న దుర్ఘటనలో 19 మంది మరణించారు. వెడల్పైన దారి కావాలన్న ప్రజల కోరిక న్యాయమైనది. చెట్లు నిలవాలన్న వాదనా తీసివేయదగినది కాదు. నమూనా గీయకముందే చెట్లను లెక్కించి, కొలిచి, వాటిని దృష్టిలో ఉంచుకొని దారిని నిర్ణయిస్తే ఇటువంటి సంకట స్థితి తలెత్తదు. ఇల్లు కట్టుకొనేవారికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. ముందుగా స్థలం పటంలో చెట్టును గుర్తించి, ఆ తరువాతే పునాది గీత గీయించాలి.

భూసేకరణలో పొలం పోయేవారు మరొక విషయం గమనించాలి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమిపై ఉన్న చెట్ల విలువను నిపుణుల సాయంతో నిర్ధారించి పరిహారంలో చేర్చవచ్చు. కాబట్టి సర్వే సమయంలోనే ప్రతి చెట్టూ నమోదయ్యేలా చూసుకోవాలి.

వేరుకు ఊపిరి కావాలి

తాండూరు నాపరాయి చవకగా దొరికే ప్రాంతం కావడంతో ఇక్కడ ఇంటి ముంగిట మొదలు పెరటి వరకు బండలు పరచడం వాడుక. చెట్టు మొదలుకు ఆనించి బండలు పరచి, సందులను సిమెంటుతో పూడిస్తే వాననీరు, గాలి వేరుకు అందవు. నీటిని, పోషకాలను గ్రహించే సన్నని వేళ్లలో అధికభాగం నేల పైపొరలోనే, రెండడుగుల లోతు లోపలే ఉంటాయి. అవి కొమ్మల నీడను దాటి కూడా విస్తరిస్తాయి. అందువల్ల సాధ్యమైనంత వరకు నీడ పడే మేర నేలను ఖాళీగా వదలాలి. బండలు తప్పనిసరైతే సిమెంటు లేకుండా ఇసుకపై పరచి సందులు వదలాలి. మొదలు చుట్టూ మట్టి ఎత్తుగా పోసి గద్దె కట్టడం కూడా హానికరమే. మట్టిలో కప్పబడిన బెరడు కుళ్లిపోయే ప్రమాదమున్నది.

తొందరపడి నరకరాదు

2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు కొమ్మల చివరల నుంచి మాడిపోయాయి. ఇది ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు. చెట్లు చచ్చిపోయాయని పలువురు భావించినా, తరువాత అనేకం తిరిగి చిగిర్చాయి. ఆకు రాలినంత మాత్రాన చెట్టు చావలేదు. బెరడును గోటితో గీరినప్పుడు లోపల పచ్చదనం కనిపిస్తే ప్రాణమున్నట్లే.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఇందుకు మరో ఉదాహరణ. 2017 డిసెంబరులో చెదల వల్ల ఈ మహావృక్షపు కొమ్మ విరిగిపడింది. మరుసటి ఏడాది సెలైన్ సీసాల ద్వారా పలుచని చెదల మందును చుక్కలుచుక్కలుగా ఎక్కించి, బరువైన కొమ్మలకు ఆధారాలు కట్టి దానిని నిలబెట్టారు. కదిరి సమీపంలోని తిమ్మమ్మ మర్రిమానుకు ఊడలు నేలను చేరేలా వెదురు గొట్టాలలో మట్టి నింపి దారి చూపుతున్నారు. పొలంలో మర్రి ఉన్న రైతు సైతం ఈ పద్ధతిని అనుసరించవచ్చు.

యజమానులు పాటించదగినవి

- మొదలు వద్ద చెత్త, పంట వ్యర్థాలు కాల్చరాదు. ఒక్క మంటకే బెరడు చచ్చిపోవచ్చు.
- మేకులు దిగగొట్టడం, తీగలు బిగించి కట్టడం మానాలి.
- కొమ్మను మధ్యలో నరకక, మానును కలిసేచోట ఉండే ఉబ్బెత్తు భాగానికి వెలుపల నున్నగా కోయాలి. తలను మొత్తంగా నరికివేయరాదు.
- తొర్రలను సిమెంటుతో పూడ్చరాదు. లోపల తేమ నిలిచి కుళ్లు పెరుగుతుంది.
- మామిడి తదితర చెట్లపై బదనిక కనిపించిన వెంటనే, అది అంటుకున్న కొమ్మతో సహా తొలగించాలి.
- నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున మాను చుట్టుకొలత కొలిచి, ఫొటోతో పాటు ఏటా నమోదు చేసుకోవాలి. వివాదం వచ్చినప్పుడు ఇదే ఆధారం.

గుర్తింపు లభించేదెట్లు?

2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీలు, పురపాలక సంఘాలలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఏర్పడాలి. స్థానిక జీవజాతుల వివరాలతో అవి రూపొందించే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో తమ చెట్టును చేర్చవలసిందిగా యజమాని కోరవచ్చు. ఇదే చట్టం కింద కర్ణాటకలోని నల్లూరు చింతతోపు 2007లో వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. హర్యానాలో 75 ఏళ్లు దాటిన చెట్లను పోషిస్తున్నవారికి ఏటా చెట్టుకు పింఛను ఇచ్చే పథకం 2023లో మొదలైంది; అప్పట్లో ఆ మొత్తం రూ.2,750. సొంత భూమిలోని చెట్లకూ అది వర్తిస్తుంది.

హరితహారం 2015లో చిలుకూరులో ప్రారంభమైన నాటి నుంచి మొక్కలు నాటడంపై శ్రద్ధ పెరిగింది. నేడు నాటిన మొక్క పెద్దచెట్టు నీడనివ్వడానికి రెండు మూడు తరాలు పడుతుంది. పెరట్లో అప్పటికే నిలిచి ఉన్న చింతకు ఆ నిరీక్షణ అవసరం లేదు. దాని చుట్టూ నాలుగు బండలు తీసివేస్తే చాలు.